తాతల లైట్‌వెయిట్‌లో ఈ ఏటి మేటి

చనిపోయిన తండ్రి ప్రతి శనివారం బాక్సింగ్ ఆడుతుంటే కూర్చుని చూసే భాగ్యం తాడేపల్లిగూడెం మొత్తంలో ప్రసన్నకుమారి ఒక్కదానికే దక్కింది. ఆ భాగ్యం వెనకున్న మంట ఎంతటిదో కూడా ఆమె ఒక్కదానికే తెలుసు.

ఇదంతా ఆమె టెలిఫోన్ ఆఫీసు ఉద్యోగానికి ముందుగానే విరమణ తీసుకుని ఇంట్లో కూర్చున్న రోజుల్లో మొదలైంది. ఏలూరులో కంప్యూటర్లు బాగుచేసే క్రాంతి కుమార్ ఆమెకు అక్క కొడుకు. పిన్నికి తోచడం లేదని గ్రహించి ఒకనాడు ఆమె కంప్యూటర్‌లో ఒక ఆట పెట్టి వెళ్లాడు. బాక్సర్ పేరు రాసి, వేగానికి ఇన్ని, దెబ్బకు ఇన్ని, కాచుకోవడానికి ఇన్ని, దమ్ముకు ఇన్ని అని పదేసి మార్కుల లెక్కన వేస్తే చాలు. ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి, ఎవరు ఎవరిని ఎక్కడ కొట్టారో, ఎవరు తూలారో ఆ యంత్రమే వరసగా రాసి చూపిస్తుంది. అందులో అప్పటికే ఉన్న విదేశీ పేర్లన్నీ ప్రసన్నకుమారి ఒక్క పూటలో తుడిచేసింది. ఖాళీ అయిన చోట మొట్టమొదట రాసిన పేరు అబ్బులు. ఆమె తండ్రి.

అబ్బులు గూడెం గూడ్స్ షెడ్డులో బస్తాలు మోసేవాడు. యవ్వనంలో నాలుగైదేళ్లు లైట్‌వెయిట్ బాక్సింగ్ ఆడాడు. ఆ సంగతికి ఇంట్లో మిగిలిన సాక్ష్యం ఒక్కటే: రెండో బహుమతిగా వచ్చిన చిన్న కప్పు. ఇప్పుడు అందులో పెన్నులు, కత్తెర, అగరబత్తి ముక్కలు ఉంటాయి.

ఒక్కడే బాక్సర్ ఉంటే ఆట సాగదు కదా. ఒకరికొకరు తెలియని మనుషుల్ని వైరు చివర కలపడం ప్రసన్నకుమారి జీవితమంతా చేసిన పని. విశాఖ హార్బరులో ఆడినవారి పిల్లలు, గుంతకల్లు రైల్వేలో ఆడినవారి మనవలు, గుంటూరు కాలేజీల్లో ఆడినవారి అల్లుళ్లు, ఇలా వాకబు చేసి, ఫోన్లు చేసి, అందరినీ ఒక వాట్సాప్ గ్రూపులోకి లాగింది. దానికి 'తాతల లైట్‌వెయిట్' అని పేరు పెట్టింది. ప్రతి తాతా తన మంచి వయసులో ఉన్నట్టే రంగంలోకి దిగుతాడు. శనివారం మధ్యాహ్నం పోటీ. డిసెంబరులో, క్రిస్మస్ వెళ్లిన వారంలో, ప్రసన్నకుమారి ఏడాది సమీక్ష రాసి తన గొంతుతో చదివి వినిపిస్తుంది. చివర్లో 'ఏటి మేటి'ని ప్రకటిస్తుంది. పక్షవాతంతో మంచంలో ఉన్న ఒకాయన ఆ సమీక్ష వినడానికే డిసెంబరు కోసం చూస్తానని కబురు పంపాడంటే, ఆ గ్రూపులో దానికున్న విలువ అర్థమవుతుంది.

ఆ ఆటకు ప్రసన్నకుమారి ఒక నియమం పెట్టింది. ఎవరి తాతకు వారు మార్కులు వేసుకోరాదు. నిజజీవితంలో ఆ తాతతో తలపడినవాడి ఇంటివారే వేయాలి. తన వ్యాజ్యానికి తానే తీర్పరి కారాదన్న న్యాయం లోకంలో ఎన్ని పెద్ద చోట్ల నలిగిపోతున్నా, గూడెంలో ఒక కుర్చీ, ఒక కంప్యూటర్ ఉన్న గదిలో మాత్రం చెక్కుచెదరకుండా అమలవుతూ వచ్చింది. మనవళ్లు అలిగినా ఆమె లొంగలేదు.

ఆ నియమం ప్రకారమే అబ్బులుకు మార్కులు వేసే అధికారం ఏలూరు పవరుపేటలో మగ్గం వర్క్ చేసే గుల్షన్‌కు వచ్చింది. గుల్షన్ తాత ఇమాం సాహెబ్‌కు మార్కులు వేసే బాధ్యత ప్రసన్నకుమారి నెత్తిన పడింది.

ఇమాం సాహెబ్ తివాచీలు నేసే ఇంటివాడు. ఇనప దువ్వెనతో రోజంతా నూలు దిగగొట్టి, దిగగొట్టి, ముంజేతులు రాటుదేలిన మనిషి. ప్రసన్నకుమారి పుట్టకముందు ఏలూరులో జరిగిన పోటీ ఆఖరి రోజున అబ్బులును పాయింట్ల మీద ఓడించాడు. రెండో బహుమతి కప్పు ఆనాటిదే. అంతటితో పోయిందా! ఈ కంప్యూటర్ ఆటలోనూ, మొదలైన ఏడాది నుంచీ ఏటి మేటి ఇమాం సాహెబే.

ప్రకటించాల్సింది ప్రసన్నకుమారే. ప్రతి డిసెంబరులో తన గొంతుతోనే ఆ పేరు పలకాలి. పలికిన మరుక్షణం గ్రూపు నిండా గుల్షన్‌కు అభినందనలు. గుల్షన్ పొంగిపోయే పిల్ల కాదు. "అంతా అక్క చలవండీ" అని ఒక మాట రాసి, మళ్లీ జాకెట్టు చేతుల మీద పూసలు కుట్టుకుంటుంది. ఆ నిబ్బరమే ప్రసన్నకుమారికి కారం రాసినట్టుండేది. గెలిచినవాళ్లు కాస్త విర్రవీగితే తిట్టుకోవడానికైనా వీలుంటుంది. గుల్షన్ ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. ఆమె దుకాణం గోడ మీద ఇమాం సాహెబ్ నిలువెత్తు ఫొటో ఉందట. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినవారు కూడా దానికి నమస్కారం పెడతారట. అబ్బులుకు పెళ్లి ఫొటో తప్ప మరొకటి లేదు. అందులో కూడా తల వంచుకుని ఉన్నాడు.

ఈ ఏడాది జనవరి నుంచే ప్రసన్నకుమారి గట్టి ఆశ పెట్టుకుంది. సంక్రాంతి వెళ్లాక అబ్బులు విశాఖ హార్బర్ నెల్సన్‌ను చిత్తుచేశాడు. ఎండాకాలంలో గుంటూరు విజయ్ కుమార్ ఆయన్ను కింద పడగొట్టినా, లేచి, చివరి రౌండ్లలో దుమ్ము దులిపాడు. ఆ శనివారం ప్రసన్నకుమారి కుర్చీలో కూర్చోలేక నిలబడే చదివింది. వానలు మొదలయ్యేసరికి టైటిల్ పోటీకి ఇమాం సాహెబ్ ఎదుట నిలబడే అర్హత అబ్బులుకే వచ్చింది.

అప్పుడు చేసింది ఆ పని. ఏడాదికి ఒకసారి మార్కులు సవరించుకునే వీలుంది. ఆ వీలును వాడుకుని ఇమాం సాహెబ్ దమ్ము మార్కులు తొమ్మిది నుంచి ఆరుకు దించింది. నియమం మీరలేదు. మార్కులు వేసే అధికారం ఆమెదే. దమ్ము తక్కువైతే చివరి రౌండ్లలో అలసిపోతాడు, చివరి రౌండ్లలోనే కదా నాన్న బలం, అని ఆమె లెక్క.

ఆగస్టు శనివారం పోటీ మొదలైంది. రెండో రౌండ్ పూర్తికాకముందే ముగిసింది. అబ్బులు నేలమీద ఉన్నాడు.

"ఏరా, ఇది పాడైందా?" అని క్రాంతి కుమార్‌కు ఫోన్ చేసింది.

"పాడవలేదు పిన్నీ. దమ్ము తక్కువున్నవాడు ఎక్కువసేపు నిలబడలేడు కదా, అందుకని ఆట వాడిని మొదటే మీదపడి కొట్టమంటుంది. నిదానంగా ఆడేవాడిని నువ్వే తొందరపెట్టావు. పోనీ, ఎందుకు తగ్గించావు?"

"నాకు తోచింది, తగ్గించాను."

"తాతయ్యని నువ్వే కొట్టించావన్నమాట" అని వాడు నవ్వాడు. ఆమె ఫోన్ పెట్టేసింది. మర్నాడు చర్చిలో క్షమాపణ ప్రార్థన దగ్గర ఆమె గొంతు మిగిలినవారికన్నా కొంచెం గట్టిగా వినిపించిందని పక్కన కూర్చున్నావిడ అనుకుంది.

నవంబరు చివర్లో గుల్షన్ గ్రూపులో మాటవరసకు ఒక మాట రాసింది. తాతయ్య పెళ్లినాటికి ఎంత బక్కగా ఉండేవాడంటే, యాభై ఆరు కిలోలు కూడా లేడని నాన్నమ్మ ఎగతాళి చేసేదట. పోటీ జరిగింది ఆ పెళ్లి జరిగిన నెలలోనేనట. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. ప్రసన్నకుమారి నవ్వలేదు. ఆ రోజుల్లో యాభై ఏడు దాటితేనే లైట్‌వెయిట్. లోపలుంటే ఫెదర్‌వెయిట్. గ్రూపు మొదటి నియమం ప్రకారం, లైట్‌వెయిట్‌లో తూగినవారే ఇందులో ఉండాలి. తూగకుండా ఉంటే ఇమాం సాహెబ్ పేరు తీసేయాల్సిందే. తీసేస్తే టైటిల్ రెండో స్థానంలో ఉన్న అబ్బులుది. డిసెంబరు సమీక్షలో ఏటి మేటి అబ్బులు.

ఇంతకాలానికి!

ఒక మాట మీద పేరు తీసేస్తే అన్యాయం. సాక్షి కావాలి. ఆ పోటీలో గంట కొట్టిన సత్తిరాజుగారు ఇంకా ఉన్నారని, కొల్లేటికోట వదిలి గుండుగొలనులో కూతురి దగ్గర ఉంటున్నారని ఆమెకు తెలుసు. క్రిస్మస్‌కు ముందు వారంలో ఏలూరు బస్సెక్కి గుండుగొలనులో దిగింది. చేతిలో కేకు ముక్కల పెట్టె. హైవే మీద రొయ్యల ఐసు లారీలు నీళ్లు కార్చుకుంటూ పోతున్నాయి. దిగువన చేపల చెరువుల్లో గాలి చక్రాలు తిరుగుతున్నాయి.

సత్తిరాజుగారు అరుగు మీద ఎండ కాచుకుంటున్నారు. ఎనభై దాటినా గొంతు మాత్రం గంట కొట్టినట్టే ఉంది.

"ఎవరండీ? అబ్బులుగారి అమ్మాయా! రామ్మా, రా. అచ్చం ఆ గడ్డమే. దెబ్బ తగలడానికి అనువైన గడ్డం."

"బాబాయిగారూ, మీరు అలాగే ఉన్నారండీ."

"అలాగే ఉంటే కర్ర ఎందుకమ్మా? కూర్చో. ఏవే, టీ పెట్టు, అబ్బులుగారి అమ్మాయి వచ్చింది" అని లోపలికి కేకేశారు.

ఆమె కేకు పెట్టె ఇచ్చి, నేరుగా విషయంలోకి దిగింది. "ఇమాం సాహెబ్‌గారితో నాన్న ఆడిన రోజు, బరువు చూసినప్పుడు మీరు అక్కడే ఉన్నారాండీ?"

"ఉండటమేంటమ్మా, కాటాయే మాది. కమిటీవాళ్ల మిషను ముల్లు విరిగిపోతే, మా అన్నయ్య చేపల షెడ్డులో ప్లాట్‌ఫాం కాటా మీద తూచారు. కొల్లేటి చేపలు తూగే చోట బాక్సర్లు తూగారు. మీ నాన్న దిగి, ఒళ్లంతా నీచువాసనని ఒకటే గోల."

"ఇమాం సాహెబ్‌గారు తూగారా?"

పెద్దాయన నవ్వారు. "తూగలేదమ్మా."

ప్రసన్నకుమారి మొహం మీదికి రాబోయిన సంతోషాన్ని పళ్ల బిగువున ఆపుకుని, మామూలుగా అడిగినట్టు, "అంటే తక్కువొచ్చిందాండీ?" అంది.

"కాస్త తక్కువ. కొత్త పెళ్లికొడుకు, దానికితోడు మగ్గం మీద పని. ఏం ఒళ్లుంటుంది? కమిటీ ఆయన, ఇతను కుదరడు, అబ్బులు ఆడకుండానే గెలిచినట్టు రాసేస్తానన్నాడు. కప్పు మీ నాన్న చేతికొచ్చేసినట్టే. గంటలో మళ్లీ తూగడానికి రూలుందా అని ఎవడో అడిగాడు. ఉందన్నారు."

"ఎవరడిగారండీ?"

"ఇంకెవరమ్మా. మీ నాన్నే."

లోపల్నుంచి టీ వచ్చింది. ప్రసన్నకుమారి గ్లాసు అందుకుని పక్కన పెట్టేసింది.

"అడిగి ఊరుకున్నాడా? ఇమాంను రెక్క పుచ్చుకుని, పక్క వీధిలో మీ మేనత్తగారింటికి ఈడ్చుకెళ్లాడు. నేనూ వెనకాలే వెళ్లాను. చద్దన్నం పెట్టించాడు. అరటిపళ్లు తినిపించాడు. ఇక మజ్జిగండీ! కుండ పక్కన పెట్టుకుని గ్లాసు మీద గ్లాసు. ఇమాం, 'వద్దురా అబ్బులూ, చచ్చిపోతానురా' అంటున్నాడు. మీ నాన్న, 'సాయంత్రం నేను చంపుతాను, ఇప్పుడు తాగు' అంటున్నాడు. పరుగెత్తుకుని వచ్చి కాటా ఎక్కించాం. ముల్లు యాభై ఏడు దాటి అలా ఊగి నిలబడింది. మా అన్నయ్య ఈల వేశాడు."

"ఎందుకండీ?" అంది ఆమె. ఆ మాట అనుకున్నదానికన్నా కోపంగా వచ్చింది. "ఊరికే వచ్చే కప్పు కాదనుకుని, ఎందుకు?"

"అదే నేనూ అడిగాను. వీడిని కొట్టకుండా గెలిస్తే రేపు బజార్లో జనం నన్ను చూసి వీడి పేరే అడుగుతారు, అన్నాడు."

"పొట్ట నిండా మజ్జిగతో కూడా ఆయనే గెలిచాడు."

"గెలిచాడు. గెలిచి, దిగి, రింగు వెనకాలకెళ్లి మొత్తం కక్కుకున్నాడు. వీపు రాసింది మీ నాన్నే."

 తన తండ్రి అంత గొప్పవాడని వినడం కూడా ఆమెకు హాయిగా లేదు. ఈర్ష్య అనేదే లేని మనిషి కడుపున తానొకతి ఇలా ఎందుకు పుట్టినట్టు? చివరికి, "అయితే నాన్నకు బాధే లేదన్నమాట" అంది.

సత్తిరాజుగారు కర్రతో నేల మీద కొట్టి మరీ నవ్వారు. "బాధ లేకపోవడమా! వీపు రాస్తూ రాస్తూ చెవిలో ఏమన్నాడో తెలుసా? 'నా మజ్జిగ తాగి నన్నే కొట్టావు కదరా' అన్నాడు. వారం రోజులు ఏలూరు మొహం చూడలేదు. ఇమాంకి కప్పు ఇచ్చేటప్పుడు తీసిన ఫొటోలో మీ నాన్న ఉండడు. కుళ్లుకుని ముందే వెళ్లిపోయాడు. ఆయన రెండో బహుమతి కప్పు కమిటీవాళ్లే తరువాత పంపించారు. మళ్లీ ఎప్పుడు ఆడదాం అని మాత్రం మనిషిని పంపించాడు. ఈలోగా ఇమాం చెయ్యి విరిగింది, అంతే, మళ్లీ కుదరలేదు."

అప్పుడు ప్రసన్నకుమారి టీ తాగింది. చల్లారిపోయినా తాగింది.

బస్టాపులో నిలబడి గుల్షన్‌కు ఫోన్ చేసింది. మొదటిసారి తూచినప్పుడు తక్కువొచ్చిందన్నంత వరకు చెప్పి ఆగింది. మిగతాది చెప్పేలోపే ఆ పిల్ల అందుకుంది.

"అయ్యో, అలాగా అక్కా! అయితే తాతయ్య పేరు తీసేయండి. నియమం నియమమే కదండీ. ఈసారి మీ నాన్నగారికి ఇచ్చేద్దాం. నాకేం బాధ లేదు, నిజంగా."

ఇచ్చేద్దాం! లారీ హోరులో కూడా ఆ మాట ఒక్కటే ప్రసన్నకుమారి చెవిలో నిలిచిపోయింది. అబ్బులుకు ఒకరు ఇచ్చేదేమిటి? ఆనాడు కమిటీ ఆయన ఇస్తానంటేనే పుచ్చుకోని మనిషి!

"ఇవ్వడానికి నువ్వెవరు? అడుక్కోవడానికి నేనెవరిని?" అంది.

"అది కాదక్కా..."

"మీ తాత రెండోసారి తూగాడు. కాటా ఒప్పుకుంది, కమిటీ ఒప్పుకుంది. లైట్‌వెయిట్‌లో తూగినవాడే ఉండాలన్నాను కానీ, తూగినప్పుడు పొట్టలో ఏముందో చూడాలని నేను ఎక్కడా రాయలేదు. పేరు తీయను."

"మరి మీరెందుకు కోప్పడుతున్నారక్కా?"

"నాకు కోపమా? బస్సు వస్తోంది, ఉంటాను." బస్సు మరో అరగంటకు గానీ రాలేదు.

సమీక్ష ఎప్పటిలాగే క్రిస్మస్ వెళ్లిన వారంలో వచ్చింది. హార్బర్ నెల్సన్ ఏడాదంతా ఎలా పడి లేచిందీ, గుంటూరు విజయ్ కుమార్ చేతికందిన గెలుపును ఎలా జారవిడిచిందీ ప్రసన్నకుమారి వివరంగా చదివింది. ఆగస్టు పోటీ దగ్గరకు వచ్చేసరికి, ఇమాం సాహెబ్ దమ్ముకు మార్కులు తగ్గించింది తానేననీ, అది ఆయన ఆటకు తగినది కాదనీ, పొట్ట నిండా మజ్జిగతో కడదాకా నిలబడిన మనిషికి పదికి పది రావాలనీ, రానున్న ఏడాదికి ఆ మార్కులే వేస్తున్నాననీ ప్రకటించింది. వినేవాళ్లు ఆమె నిజాయతీని మెచ్చుకున్నారు. దమ్ము పెరిగితే ఇమాం సాహెబ్ మొదటి రౌండ్లలో మీద పడడనీ, నిదానంగా ఆడతాడనీ, పోటీ చివరి రౌండ్ల దాకా, అబ్బులుకు బలమున్న రౌండ్ల దాకా సాగుతుందనీ క్రాంతి కుమార్‌ను ముందే అడిగి తెలుసుకున్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. న్యాయం చేస్తూ ఆశపడకూడదని ఏ నియమంలోనూ లేదు.

తరువాత గొంతు సవరించుకుని, ఏటి మేటి ఇమాం సాహెబ్ అని చదివింది. దాని వెంటనే, ఊపిరి తీసుకోకుండా, మరో వాక్యం చదివింది: "ఆయన ఈ తరగతిలో తూగడానికి కావలసిన బరువును అబ్బులుగారి మేనత్తగారి... కాదు, నా మేనత్తగారి ఇంటి మజ్జిగ సమకూర్చింది."

తడబాటుతో సహా అలాగే పంపేసింది. అభినందనలు ఈసారి కూడా గుల్షన్‌కే వెల్లువెత్తాయి. మధ్యాహ్నం గుల్షన్ ఫోన్ చేసింది. గొంతులో ఎప్పుడూ లేని పదును ఉంది.

"అక్కా, మీకు చాలా థాంక్సండీ. కానీ ఆ మజ్జిగ మాట... దుకాణానికి వచ్చినవాళ్లంతా తాతయ్య ఫొటో చూసి మజ్జిగ గురించే అడుగుతున్నారు. ఒకావిడైతే, సగం గెలుపు మీ వాళ్లది కాదటగా అంది. ఆ ఒక్క వాక్యం తీసేయొచ్చు కదా?"

ప్రసన్నకుమారి కిటికీ పక్కన ఉన్న చిన్న కప్పులోంచి పెన్నులు, కత్తెర, అగరబత్తి ముక్కలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెడుతోంది. గుల్షన్ గొంతులోని ఆ పదునును ఆమె వెంటనే గుర్తుపట్టింది. ఇన్నేళ్లు తనలో పెంచుకున్నదే కదా.

"తీయను" అంది హాయిగా. "జనవరి మొదటి శనివారం మనవాళ్లిద్దరికే పోటీ పెట్టాను. నువ్వు కూడా చూడు."

"చూస్తాను లెండి" అంది గుల్షన్. "ఈసారి తాతయ్యకి మజ్జిగ మా ఇంట్లోనే తాగించి పంపుతాను."